గోడ కాదు, ముందు స్లాబ్ సంగతి చూడండి: చంద్రపూర్ ఎండల్లో ఇల్లు కట్టేవాళ్ళు ఏది ఎంచుకోవాలి?

మా బావమరిది మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరి రాజురాలో ఇల్లు మొదలుపెట్టి మూడు నెలలైంది. పునాది లేచింది, ప్లింత్ బీమ్ పడింది, పని అక్కడే ఆగింది. ఆపింది డబ్బు కాదు, ఇటుక. మేస్త్రీ ఎర్ర ఇటుకే అంటాడు. ఇంజనీరు ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలిక బ్లాకులు) అంటాడు. థర్మల్ స్టేషన్‌లో పనిచేసే మా పెద్దన్న, "బూడిద మన దగ్గర గుట్టలు గుట్టలుగా పడి ఉంటే ఎర్ర ఇటుక ఎందుకురా" అంటాడు. పాపం మా బావమరిది రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, "బావా, ఫైనల్‌గా ఏది?" అని అడుగుతాడు.

నేను ప్రతిసారీ ఒకటే అడుగుతాను. "స్లాబ్ మీద ఏం వేస్తున్నావు?"

"స్లాబ్ మీద ఏముంటుంది బావా, నీళ్ళ ట్యాంకు."

ఎనిమిదేళ్ళ క్రితం బల్లార్షలో నేను ఇల్లు కట్టినప్పుడు నా జవాబూ అదే. గోడలకు ఖరీదైన ఏఏసీ బ్లాకులు పెట్టాను, ఇల్లు చల్లగా ఉంటుందని పది మందికి చెప్పుకున్నాను, స్లాబ్ మాత్రం ఉత్తగా వదిలేశాను. మొదటి మే నెలలో రాత్రి పదకొండింటికి స్టూల్ ఎక్కి సీలింగ్‌కు అరచేయి ఆనిస్తే, అప్పుడే దించిన పెనం పక్కన చేయి పెట్టినట్టుంది. గోడలు చల్లగానే ఉన్నాయి. వేడంతా నెత్తిమీద నుంచి దిగుతోంది. ఫ్యాన్ ఆ వేడి గాలినే తెచ్చి మా మీద పోస్తోంది.

కాబట్టి బల్లార్ష, రాజురా, చంద్రపూర్ గని కాలనీలు, కింద ప్రాణహిత ఒడ్డున సిరోంచా దాకా ఉన్న మన తెలుగువాళ్ళ కోసం నాకు తెలిసింది రాస్తున్నాను. ఇటుకల దుకాణానికి వెళ్ళే ముందు చదవండి.

## ముందు దేన్ని బట్టి తేల్చుకోవాలి

మొదటిది సూర్యుడు. చంద్రపూర్ దాదాపు 20 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అంటే మే 20 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. సిరోంచాలో ఆ రోజు ఇంకో నాలుగైదు రోజుల ముందే వస్తుంది. ఆ సమయంలో దక్షిణం గోడకు ఎండ దాదాపు తగలదు. స్లాబ్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలుతుంది. పొద్దున తూర్పు గోడ, మధ్యాహ్నం రెండు దాటాక పడమటి గోడ కాలతాయి. ఊళ్ళో 46, 47 డిగ్రీలు ఉండేదీ సరిగ్గా ఆ పడమటెండ సమయంలోనే. ఒక అంతస్తు ఇంటికి వేడి ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడానికి ఈ లెక్క చాలు.

రెండోది రాత్రి. ఎండాకాలం మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, అర్ధరాత్రి దాటాక బయట కాస్త చల్లబడుతుంది. మీరు రాత్రి కిటికీలు తెరిచి పడుకుంటారా, దొంగల భయంతోనో దోమల భయంతోనో మూసుకుంటారా? ఏ గోడ మంచిదన్నది దీన్ని బట్టే మారిపోతుంది, ఎలాగో కింద చెబుతాను.

మూడోది నేల. రాజురా, కోర్పనా వైపు నల్లరేగడి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. పునాది కొంచెం కదిలినా గోడలో గీత పడుతుంది. నాలుగోది మేస్త్రీ. పుస్తకంలో ఎంత గొప్ప పద్ధతైనా, మీ ఊరి మేస్త్రీ చేతికి రాకపోతే అది గొప్పది కాదు. ఐదోది ఖర్చు, అదీ రెండు రకాలు: ఇప్పుడు ఒకసారి పెట్టేది, తరువాత ఇరవై ఏళ్ళు కరెంటు బిల్లుగా కట్టేది. మనం మొదటిదాని గురించి రూపాయి రూపాయికీ బేరమాడతాం, రెండోదాని గురించి అడగనే అడగం.

ఇంకొక్క మాట తెలిసి ఉంటే మంచిది: యూ-వాల్యూ. గోడకో కప్పుకో లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు, చదరపు మీటరుకు ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే అంకె ఇది. ఎంత తక్కువుంటే అంత మంచిది. ఇంజనీరును ఈ ఒక్క అంకె అడగండి. చెప్పగలిగితే మిగతా మాటలూ నమ్మొచ్చు.

## పైకప్పు: డబ్బు ముందు ఇక్కడ పెట్టండి

ఐదంగుళాల ఉత్త కాంక్రీటు స్లాబ్ యూ-వాల్యూ 3 పైనే ఉంటుంది. ఇళ్ళ కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే కోడ్ ప్రకారం పైకప్పుకు అది 1.2 దాటకూడదు. అంటే మనందరి ఇళ్ళ మీదా ఉన్న స్లాబ్ ఉండాల్సినదానికంటే రెండున్నర రెట్లు ఎక్కువ వేడిని దించుతోంది. పైగా కాంక్రీటు బరువైనది. పగలంతా వేడి తాగి, మనం పక్క వేసుకునే వేళకు కక్కడం మొదలుపెడుతుంది.

తెల్ల సున్నం, కూల్ పెయింట్. అన్నిటికంటే చవక ఇదే. యూ-వాల్యూ మారదు, కానీ ఎండలో చాలా భాగం లోపలికే రాదు. మామూలు సిమెంటు స్లాబ్ తన మీద పడిన ఎండలో సుమారు మూడో వంతు వెనక్కి పంపితే, తాజా తెల్ల సున్నం దాదాపు ముప్పావు వంతు వెనక్కి పంపుతుంది. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ కలిసి ఆఫీసు భవనాల మీద కొలిచి 2012లో ప్రచురించిన లెక్క ఉంది. ఉత్త కాంక్రీటు కప్పుకు తెల్ల పూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13, 14 యూనిట్లు మిగిలాయి, చల్లబరచడానికయ్యే కరెంటులో 10 నుంచి 19 శాతం తగ్గింది. అవి ఏసీలున్న భవనాలు. ఏసీ లేని ఇంట్లో ఆ లాభం బిల్లులో కనపడదు, రాత్రి నిద్రలో కనపడుతుంది.

నది అవతల తెలంగాణలో దీన్ని పాలసీగానే పెట్టారు. 2023 నుంచి 2028 దాకా నడిచే కూల్ రూఫ్ పాలసీ ప్రకారం ప్రభుత్వ భవనాలకూ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకూ అది తప్పనిసరి. చిన్న ఇళ్ళవాళ్ళ ఇష్టం. మంచిర్యాలలో, ఆసిఫాబాద్‌లో చుట్టాలుంటే అడిగి చూడండి.

మన దగ్గర దీనికో పెద్ద చిక్కుంది: బొగ్గు దుమ్ము. ఘుగ్గుస్, బల్లార్ష, దుర్గాపూర్ వైపు తెల్ల డాబా ఒక్క చలికాలం గడిచేసరికి బూడిద రంగుకు తిరుగుతుంది. తెల్లదనం పోతే పనీ పోతుంది. ఏటా చీపురుతో కడిగి, ఒక చేయి సున్నం వేయాల్సిందే. ఆ ఓపిక లేకపోతే ఈ దారి మీది కాదు.

ఇంకో చిక్కు మోసం. నేను మొదటిసారి కూల్ పెయింట్ అని ఒక దుకాణంలో కొన్న డబ్బా మామూలు తెల్ల డిస్టెంపరే. మృగశిర కార్తెలో పడిన మొదటి పెద్ద వానకే గొట్టాల్లోంచి పాలలా కారిపోయింది. అడగడానికి వెళితే "స్లాబ్‌లో తడి ఉండి ఉంటుంది సార్" అన్నాడు. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అనే అంకె (పూత ఎండకు ఎంత తక్కువ వేడెక్కుతుందో చెప్పేది) ఉందో లేదో చూడండి. మంచి తెల్ల పూతకు అది 100 చుట్టుపక్కల ఉంటుంది. అంకె లేని డబ్బా కంటే బస్తా సున్నం నయం.

బోర్డు వేసి పైన టైల్స్. స్లాబ్ మీద వాటర్‌ప్రూఫింగ్, దానిమీద ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక), ఆపైన పలచగా కాంక్రీటు, చివర తెల్ల టైల్స్ లేదా విరిగిన పింగాణీ టైల్స్ ముక్కలు. లెక్క వేస్తే అంగుళం బోర్డుతోనే యూ-వాల్యూ 1 కిందికి వస్తుంది, కోడ్ హద్దు లోపలికి వచ్చేసినట్టే. రెండంగుళాలు వేస్తే సుమారు 0.55. ఖర్చు ఎక్కువే, కాదనను. కానీ ఏఏసీ గోడలకు పెట్టే అదనపు ఖర్చుతో దీన్ని పోల్చి చూడండి, గోడలతో పోలిస్తే ఒక అంతస్తు ఇంటికి కప్పు వైశాల్యం ఏమంత పెద్దది కాదు. పైన తెల్ల టైల్స్ ఉంటే దుమ్ము కడగడమూ తేలిక. కొత్త ఇల్లు కట్టేవాళ్ళకు నా ఓటు దీనికే.

ఒక్క జాగ్రత్త. బోర్డు స్లాబ్ పైన వేయాలి, కింద కాదు. కింద ఫాల్స్ సీలింగ్ కొట్టిస్తే కొంత పనిచేస్తుంది. కానీ స్లాబ్ మాత్రం రోజూ కాలుతూ, రాత్రి కుంచించుకుపోతూ నాలుగేళ్ళకు పగుళ్ళు ఇస్తుంది, వానకు కారుతుంది.

నీడ. డాబా మీద ఇనప రేకుల షెడ్డు వేసుకోవడం మన కాలనీల్లో కొత్తేం కాదు. బట్టలు ఆరతాయి, వడియాలు పెట్టుకోవచ్చు, స్లాబ్ నీడన ఉంటుంది. రేకుకూ స్లాబ్‌కూ మధ్య గాలి ఆడాలి, చుట్టూ మూసేయకూడదు. రోహిణి కార్తెలో వచ్చే గాలిదుమారానికి రేకులు లేచిపోతాయి కాబట్టి బోల్టులు గట్టిగా ఉండాలి. సోలార్ ప్యానెళ్ళూ ఇదే నీడ ఇస్తాయి.

ఫిల్లర్ స్లాబ్. కాంక్రీటు మధ్యలో పాత పెంకులు ఇరికించి పోసే పద్ధతి. కేరళలో లారీ బేకర్ వ్యాప్తిలోకి తెచ్చాడు. సిమెంటు, ఇనుము మిగులుతాయి, కింద నుంచి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయితే ఒక్క దీన్నే నమ్ముకుంటే మన ఎండకు చాలదు, పైన తెల్ల పూత ఉండాల్సిందే.

## గోడలు: అందరూ కొట్లాడుకునే చోటు

| గోడ | సుమారు యూ-వాల్యూ | మేస్త్రీ దొరుకుతాడా | నల్లరేగడిలో | ఎవరికి |
|---|---|---|---|---|
| తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక | 2.0 | ఎక్కడైనా | తట్టుకుంటుంది | రాత్రి కిటికీలు తెరిచేవాళ్ళకు |
| తొమ్మిదంగుళాల బూడిద ఇటుక | 2.1 | దొరుకుతాడు | తట్టుకుంటుంది | చంద్రపూర్ చుట్టుపక్కలవాళ్ళకు |
| ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాకు | 0.75 చుట్టూ | పట్నంలో | పగుళ్ళ భయం | ఏసీ వాడేవాళ్ళకు |
| ఎర్ర ఇటుక, ర్యాట్ ట్రాప్ కట్టు | ఎర్ర ఇటుక కంటే తక్కువ | కష్టం | తట్టుకుంటుంది | పని దగ్గరుండి చూసుకునేవాళ్ళకు |
| మందపాటి మట్టి గోడ | మందాన్ని బట్టి | పాతవాళ్ళు | ప్లింత్ ఎత్తుగా ఉండాలి | సిరోంచా పల్లెల్లో |

ఈ పట్టికలో చాలామంది నమ్మనిది రెండో వరుస. బూడిద ఇటుకతో కడితే ఇల్లు చల్లగా ఉంటుందని మన దగ్గర అందరూ అంటారు. ఉండదు. వేడిని దాటించడంలో బూడిద ఇటుకా ఎర్ర ఇటుకా దాదాపు ఒకటే. అయినా నేను బూడిద ఇటుకే తీసుకోమంటాను, కారణాలు వేరు. దీన్ని బట్టీలో కాల్చరు, నీళ్ళు పట్టి గట్టిపరుస్తారు కాబట్టి బొగ్గు కాలదు. పొలం మీది మన్ను తవ్వక్కర్లేదు. సైజు సమంగా ఉంటుంది, ప్లాస్టర్ పలచగా పడుతుంది. చంద్రపూర్ థర్మల్ స్టేషన్ 2,920 మెగావాట్లది, బూడిదకు కరువు లేదు. థర్మల్ స్టేషన్ల చుట్టుపక్కల ఇటుకల్లో బూడిద కలపాలని కేంద్ర పర్యావరణ శాఖ 1999లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. వచ్చిన బూడిదంతా వాడి తీరాల్సిన బాధ్యతను 2021 నోటిఫికేషన్ థర్మల్ స్టేషన్ల మీదే పెట్టింది.

నాణ్యత మాత్రం ఒక్కో యూనిట్‌లో ఒక్కోలా ఉంటుంది. లోడు దింపక ముందే రెండు ఇటుకలు తీసి ఒకదానికొకటి కొట్టండి, ఖంగుమనాలి. గోరుతో గీస్తే పొడి రాలకూడదు. ఒకటి రాత్రంతా నీళ్ళ బకెట్‌లో వేసి పొద్దున అంచు నలిపి చూడండి. సరిగా నీళ్ళు పట్టకుండా వారానికే బండెక్కించిన ఇటుక ఇక్కడే దొరికిపోతుంది.

ఇక ఏఏసీ. ఇదీ బూడిదతో చేసేదే. సున్నం, సిమెంటు, కాస్త అల్యూమినియం పొడి కలిపి ఇడ్లీ పిండిలా పొంగించి ఆవిరి మీద గట్టిపరుస్తారు. లోపలంతా గాలి బుడగలే, అందుకే వేడిని ఆపుతుంది, అందుకే తేలిక. బరువు తేలికైతే పిల్లర్లలో ఇనుమూ కాస్త తగ్గుతుంది. ఇంత మంచిదాన్ని వాడి నేను ఎందుకు తల పట్టుకున్నానంటే, మూడు కారణాలు.

ఒకటి చెప్పేశాను, స్లాబ్. రెండోది అతుకులు. ఏఏసీకి మూడు మిల్లీమీటర్ల పలచటి ప్రత్యేక జిగురుతో అతుకు వేయాలి. మా మేస్త్రీ అలవాటు ప్రకారం మామూలు సిమెంటు మాలు దట్టంగా పెట్టాడు. బ్లాకు ఆ నీళ్ళన్నీ పీల్చేసింది, మాలు ఎండి వదులైంది. పిల్లరుకూ గోడకూ మధ్య జాలీ వేయలేదు. రెండో ఏడు దసరాకు రంగు వేయిస్తుంటే ప్రతి పిల్లరు పక్కనా నిలువునా సన్నటి గీత. రాజురాలాంటి రేగడి నేలలో అయితే ఈ గీతలు ఇంకా పెద్దవవుతాయి. కూలర్ స్టాండు, గీజరు బిగించడానికి మామూలు మేకులు నిలవవు, ఏఏసీకి వేరే యాంకర్లు ఉంటాయి.

మూడోది ఎవరూ చెప్పరు. వేడిని బయటినుంచి రానివ్వని గోడ, లోపలి వేడిని బయటికీ పోనివ్వదు. వంట, ఫ్రిజ్, నలుగురు మనుషులు, స్లాబ్ నుంచి దిగిన సెగ, అన్నీ లోపలే చిక్కుకుంటాయి. ఏసీ ఉంటే ఏఏసీ బంగారం, చల్లదనం నిలుస్తుంది. ఏసీ లేకుండా, రాత్రి కిటికీలు మూసుకుంటే అదే ఫ్లాస్కు. మేం మొదటి ఏడాది ఫ్లాస్కులో పడుకున్నాం. కిటికీలకు దోమతెర జాలీలు, గ్రిల్ పెట్టించి రాత్రి తెరవడం మొదలుపెట్టాకే ఇంట్లో గాలి మారింది.

ర్యాట్ ట్రాప్ కట్టు అంటే ఇటుకలను పక్కమీద నిలబెట్టి, మధ్యలో మూడంగుళాల ఖాళీ వదిలి తొమ్మిదంగుళాల గోడ కట్టడం. ఇటుకలు పావు వంతు దాకా మిగులుతాయి, ఖాళీలోని గాలి వేడిని కొంత ఆపుతుంది. దీన్ని చేయగల మేస్త్రీ దొరికితే వదలొద్దు. దొరకకపోతే మీ ఇంటి మీద నేర్పించకండి, ఖాళీలో మాలు నింపేసి మామూలు గోడే చేసిపెడతారు.

మట్టి గోడల గురించి ఒకే మాట. సిరోంచా వైపు తాతల నాటి మట్టి గోడలు, అటక, గూనపెంకుల ఇల్లు ఉన్నవాళ్ళు దాన్ని కూలగొట్టి ఇనప రేకుల ఇల్లు వేసుకుంటున్నారు. ఆ అటక మీది మట్టే మీ ఎక్స్‌పీఎస్ బోర్డు. కుదిరితే పెంకులు మార్చి, చెదపురుగు చూసుకుని, దాన్నే ఉంచుకోండి. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు నీళ్ళొచ్చిన పల్లెలకు మాత్రం ఈ సలహా వర్తించదు. అక్కడ ప్లింత్ ఎత్తు పెంచి, కింది భాగమైనా ఇటుకతోనో సిమెంటు కలిపి నొక్కిన మట్టి దిమ్మెలతోనో కట్టాలి.

## కిటికీ, పడమర

దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు, ప్లాన్ గీసే రోజు బుర్ర పెడితే చాలు. పడమర వైపు పెద్ద గాజు కిటికీలు వద్దు. మెట్లు, బాత్రూము, స్టోర్ రూము అటు పెట్టండి, ఆ వేడి అవే తింటాయి. పడమట కానుగ చెట్టో వేప చెట్టో ఉంటే దాన్ని కొట్టేయాల్సి వచ్చే ప్లాన్ గీసిన ఇంజనీరును మార్చండి. పడమటి గోడకు సన్‌షేడ్ ఒక్కటీ సరిపోదు, సాయంత్రం ఎండ అడ్డంగా వస్తుంది. బయట వెదురు తడక వేలాడదీయండి. గడ్చిరోలి వెదురుకు కొదవా? లోపలి కర్టెన్ కంటే బయటి తడక ఎన్నో రెట్లు నయం, ఎండ గాజు దాటాక దాన్ని ఆపి లాభం లేదు.

తెరుచుకునే కిటికీల వైశాల్యం గది నేలలో ఎంత ఉండాలో ఎకో నివాస్ సంహిత చెబుతుంది. నాగపూర్‌లాంటి కాంపోజిట్ (ఎండ, ఉక్క, చలి అన్నీ ఉండే) వాతావరణానికి 12.5 శాతం, ఒడిశా కోస్తా లాంటి ఉక్క ప్రాంతానికి 16.66 శాతం. బరంపురం, ఛత్రపురం వైపున్న మన తెలుగువాళ్ళు ఇది చదువుతుంటే, మీకు కప్పు తరువాత రెండో స్థానం గోడది కాదు, ఎదురెదురు కిటికీలది. తుఫాను గాలికి డాబా మీది రేకుల షెడ్డు అసలు వద్దు.

## కూలరా, ఏసీనా

విదర్భలో పుట్టి కూలర్ గురించి చెడుగా మాట్లాడితే ఇంట్లో అన్నం పెట్టరు. నిజానికి ఏప్రిల్, మే నెలల్లో మన పొడి గాలికి కూలరే తెలివైన ఎంపిక. 150, 200 వాట్లతో నడుస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ గట్టిగా నడిచేటప్పుడు దాదాపు 1,500 వాట్లు లాగుతుంది. కూలర్‌కు ఎదురు కిటికీ తెరిచి ఉండాలి, లేకపోతే గది చెమ్మబట్టి జిగటగా అవుతుంది. రోజూ బకెట్ల కొద్దీ నీళ్ళు తాగుతుంది, కాలనీలో ట్యాంకరు వచ్చే వారాల్లో అదో టెన్షన్. జూన్ మూడో వారం నుంచి దాన్ని తుడిచి మూల పెట్టాల్సిందే, ఉక్కలో పనికిరాదు.

ఏసీ కొనాలనుకుంటే కప్పు సరిచేసిన తరువాతే కొనండి. కప్పు కాలే గదికి రెండు టన్నులు చెప్పే దుకాణదారే, కప్పు సరిగా ఉన్న అదే గదికి చిన్నది చాలంటాడు. 2020 నుంచి రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన ఉంది. దాన్ని 18కి లాగే చేతిని ఆపుకుంటే చాలు. వేసవిలో మనవాళ్ళు పాశ్చాత్య ప్రమాణాల కంటే ఎక్కువ ఉష్ణోగ్రతలో కూడా హాయిగానే ఉంటారని అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ ఐదు నగరాల ఆఫీసుల్లో సర్వే చేసి తేల్చింది, 2016 జాతీయ భవన నియమావళిలోనూ ఆ లెక్క చేరింది. ఫ్యాన్లు మాత్రం ఇవాళే మార్చేయొచ్చు. పాతవి 75 వాట్లు, బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారువి 30 చుట్టూ.

సోలార్ సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 దాకా సబ్సిడీ వస్తుంది. ఒక కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. బొగ్గు దుమ్ము ఇక్కడా శత్రువే, పది రోజులకోసారి తుడవాలి. బోర్డు వేయించే ఆలోచన ఉంటే ప్యానెళ్ళ దిమ్మెలు ముందే కట్టించుకోండి, తరువాత టైల్స్ పగలగొట్టి బోల్టులు దింపితే వాటర్‌ప్రూఫింగ్ పోతుంది.

## స్టార్లు, సర్టిఫికెట్లు, చట్టం

"గ్రీన్ బిల్డింగ్" అని బోర్డు పెట్టి ఫ్లాట్లు అమ్మే రోజులివి, కాబట్టి ఏది ఏమిటో తెలిసి ఉండాలి.

వాణిజ్య భవనాలకు ఈసీబీసీ అనే ఇంధన పొదుపు కోడ్ 2007లో వచ్చింది, 2017లో మారింది. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ దాటే భవనాలకు అది. ఇళ్ళకు 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది, అసలు ఉద్దేశించింది 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాల్లో కట్టేవాటికి. అందులో గోడలు, కిటికీలు కలిపి లోపలికి దించే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల హద్దు పెట్టారు. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి పెద్ద నివాస భవనాలను కూడా చట్టం పరిధిలోకి తెచ్చారు. 2024లో రెండు కోడ్‌లనూ తిరగరాశారు. వీటిలో మీ పదిహేను వందల అడుగుల ఇంటికి వచ్చి అడిగేవాడు ఎవడూ లేడు. కానీ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, అంకెలు వాడుకోవచ్చు.

రేటింగ్‌లలో రెండు ముఖ్యం. గృహ: టెరి సంస్థ, కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ కలిసి తెచ్చింది, ఒకటి నుంచి ఐదు స్టార్లు. ఐజీబీసీ: హైదరాబాద్ కేంద్రంగా పరిశ్రమల సమాఖ్య సీఐఐ నడిపేది, సిల్వర్, గోల్డ్, ప్లాటినం. సొంతిల్లు కట్టేవాడికి ఈ రెండిట్లో ఏదీ అక్కర్లేదు, ఆ ఫీజుతో ఇంకో అంగుళం బోర్డు వస్తుంది. అపార్ట్‌మెంట్ కట్టేవాళ్ళ లెక్క వేరు. మహారాష్ట్రలో 2020 ఏకీకృత నియమావళి ప్రకారం రేటింగ్ స్థాయిని బట్టి 3, 5, 7 శాతం అదనపు ఎఫ్‌ఎస్‌ఐ (స్థలంలో ఎంత వైశాల్యం కట్టుకోవచ్చో చెప్పే లెక్క) దొరుకుతుంది, చంద్రపూర్‌లో స్థలం ధరలకు అది చిన్న మాట కాదు. ఫ్లాట్ కొనేవాళ్ళు స్టార్ల బ్రోచరు పక్కన పెట్టి బిల్డర్‌ను రెండే అడగండి: పై అంతస్తు కప్పు యూ-వాల్యూ ఎంత, పడమటి గోడ దేనితో కట్టారు. పై అంతస్తు చవకగా ఇస్తున్నారంటే ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

## మరి ఎవరికి ఏది?

ఘర్‌కుల్ (ప్రభుత్వ ఇళ్ళ పథకం) డబ్బుతో కట్టేవాళ్ళు: గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతానికి 1.20 లక్షలు, కొండ, వెనుకబడిన ప్రాంతాలకు 1.30 లక్షలు. దాంట్లో బోర్డులు, టైల్స్ రావు. దగ్గర్లో దొరికే బూడిద ఇటుక, స్లాబ్ మీద ఏటా సున్నం, పడమట వెదురు తడక. స్లాబ్‌కు డబ్బు చాలక రేకులే వేస్తే, కింద వెదురు తడక కట్టి పైన రేకుకు తెల్లరంగు వేయండి. రేకుకూ తడకకూ మధ్య జానెడు ఖాళీ, రెండు చివరలా గాలి పోయే కంతలు ఉండాలి.

రిటైర్‌మెంట్ డబ్బుతో ఒక అంతస్తు కట్టే గని కార్మికులు: బూడిద ఇటుక గోడలు, స్లాబ్ మీద రెండంగుళాల బోర్డు, ఒక్క పడమటి గోడకు మాత్రం ఏఏసీ. మొత్తం ఇంటికి ఏఏసీ పెట్టే డబ్బును ఇలా పంచితే ఇల్లు ఎక్కువ చల్లగా ఉంటుంది. వయసు పైబడ్డాక మే నెల రాత్రులే ప్రాణం తీస్తాయి, ఏసీ నడపని రాత్రి కూడా నిద్ర పట్టే ఇల్లు కావాలి.

ఐటీ జీతంతో పై అంతస్తు వేసి రెండు ఏసీలు పెట్టుకునేవాళ్ళు: ఏఏసీ తీసుకోండి, కానీ మేస్త్రీ ఇంతకుముందు కట్టిన ఏఏసీ ఇల్లు వెళ్ళి చూశాకే. కప్పుకు బోర్డు తప్పనిసరి.

ఇల్లు ఇప్పటికే ఉన్నవాళ్ళు, అద్దెకున్నవాళ్ళు: గోడల జోలికి పోకండి. ఇంటి యజమానిని అడిగి ఒక ఆదివారం డాబాకు సున్నం వేయండి. ఫిబ్రవరిలోనే చేయాలి. హోలీ దాటితే ఆ స్లాబ్ మీద అరికాలు ఆనదు, సున్నం కూడా పట్టకముందే ఎండి పొట్టు లేస్తుంది.

మొన్న మా బావమరిది మళ్ళీ ఫోన్ చేశాడు. బూడిద ఇటుక రెండు లోడ్లు దిగాయట, ఎక్స్‌పీఎస్ బోర్డులకు నాగపూర్‌లో అడ్వాన్స్ ఇచ్చాడట. "అంతా బాగుంది గానీ బావా, మరి ట్యాంకు?" అన్నాడు. ట్యాంకు కింద బోర్డు వేయకు, పిల్లరు నెత్తిమీద నాలుగు దిమ్మెలు స్లాబ్‌తో పాటే పోయించు, బోర్డులు వాటి చుట్టూ కోసి పెట్టించు, ట్యాంకు కింద చేయి పట్టేంత సందు ఉంచు, లేకపోతే రేపు కారితే ఎక్కడ కారుతోందో కనపడదు అని చెప్పాను. రాసుకుంటున్నానన్నాడు.